ఆదేశానికి నిమిత్తం కావాలి

సంధికార్యాన్ని బోధించేటప్పుడు మూడు సంగతులు చెప్పుతాము. దేని స్థానంలో, ఏది, ఏ సందర్భంలో వస్తుంది? మొదటిది స్థాని, రెండవది ఆదేశం, మూడవది నిమిత్తం. పాణిని వీటిని విభక్తులతోనే సూచించినాడు: స్థానికి షష్ఠి, ఆదేశానికి ప్రథమ, పరనిమిత్తానికి సప్తమి. 'ప్రతి' చివరి ఇకారం యకారమై 'ప్రత్యేకము' ఏర్పడినదంటే, తరువాత ఏకారమున్నది కనుకనే. నిమిత్తాన్ని విడిచి, ఇకారం కనబడిన చోటనెల్ల యకారం పెట్టే విద్యార్థిని ఉపాధ్యాయులు ఎరుగుదురు. కంప్యూటరు అచ్చంగా అటువంటి విద్యార్థి.

ఒక ఉపాధ్యాయుడు తన పాత పాఠాలలోని 'వచ్చినాడు', 'చెప్పినాడు' వంటి రూపాలను 'వచ్చాడు', 'చెప్పాడు' అని మార్చదలచినాడనుకొందాం. ఎడిటర్‌లో 'ినాడు'ను వెతికి 'ాడు'గా మార్చుమంటే క్షణంలో పని ముగుస్తుంది. ఆ క్షణంలోనే దీపావళినాడు 'దీపావళాడు' అవుతుంది. ఏకాదశినాడు 'ఏకాదశాడు' అవుతుంది. క్రియాప్రత్యయానికీ దినవాచకమైన 'నాడు'కూ గల భేదం యంత్రానికెట్లా తెలుస్తుంది?

దానికి సందర్భాన్ని చెప్పే సాధనమే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. పేరు మాత్రం కొంత కర్ణకఠోరమే. అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లేనీ, నాడీకణాల గణిత నమూనాలను పరిశీలిస్తూ 1951లో ఈ భావనను రూపొందించినాడు. 1968లో కెన్ థాంప్సన్ దీనితో పాఠాన్ని వెతికే పద్ధతిని ప్రకటించినాడు.

మన ఉపాధ్యాయుడు వెతికే పెట్టెలో ఇట్లా వ్రాయాలి:

(వచ్చ|చెప్ప|ఇచ్చ)ినాడు

నిలువుగీతకు 'లేదా' అని అర్థం. కుండలీకరణంలో దొరికినదానిని యంత్రం గుర్తుంచుకొంటుంది. మార్చే పెట్టెలో $1ాడు అని వ్రాస్తే, గుర్తుంచుకొన్న భాగానికి 'ాడు' చేరుతుంది. చాలా ఎడిటర్లలో గుర్తు ఇదే. కొన్నింటిలో డాలరుకు బదులు వాలుగీత. పండుగలు చెక్కుచెదరవు. 'చేసినాడు'ను మాత్రం ఈ పట్టికలో చేర్చరాదు, 'చేసాడు' వస్తుంది. 'చేశాడు' కావలసినవారు దానికి వేరే సూత్రం వ్రాసుకోవలసినదే. అపవాదసూత్రాలు లేని వ్యాకరణం ఎక్కడున్నది!

తెలుగువారికి మరొక చిక్కున్నది. ఈ పరిభాషలో చుక్క అంటే 'ఏదైనా ఒక అక్షరం'. అయితే యంత్రపు అక్షరం మన అక్షరం కాదు. 'స్త్రీ' మనకు ఒక్కటే. యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అందుచేత 'రామ' అని వెతికితే 'రాము'లోనూ దొరుకుతుంది, 'రామాయణం'లోనూ దొరుకుతుంది. దానిని 'కృష్ణ'గా మార్చుమంటే రాము 'కృష్ణు' అవుతాడు. దీనికి మందు:

రామ(?![ా-్])

మకారం తరువాత దీర్ఘం మొదలు పొల్లు వరకు గల గుర్తులేవీ ఉండరాదని దీని భావం. సప్తమీవిభక్తి చేసే పనినే ఇది నిషేధరూపంలో చేస్తున్నది. ఇంతచేసినా రామయ్య కృష్ణయ్య కాక తప్పదు. ఆయన కోసం నిషేధానికి మరికొంత చేర్చాలి.

కనుక 'అన్నిటినీ మార్చు' మీటను ముందే నొక్కరాదు. పాఠానికి ఒక నకలు తీసి ఉంచుకొని, మొదట వెతికి మాత్రం చూడాలి. దొరికిన పంక్తులను కంటితో చదివితే, వాటి నడుమ 'శివరాత్రినాడు' నక్కి ఉన్నదేమో తెలుస్తుంది. ఉంటే సూత్రాన్ని సవరించి మళ్ళీ వెతకాలి.