ఒకే బల్ల, రెండు కూలి రేట్లు

సంక్రాంతి దాటిందంటే వినుకొండ చుట్టుపక్కల మిరప చేలన్నీ ఎర్రబడతాయి. తెల్లవారకముందే అన్నం క్యారేజీలు పట్టుకుని ముఠాలుగా ఆటోలెక్కే స్త్రీలే ఆ పంటను కోసేది. కాయ ఘాటుకు చేతులు మండుతున్నా నడుమెత్తకుండా సాలు వెంట సాలు కోస్తారు. పత్తి తీసేదీ, కలుపు తీసేదీ ఎక్కువగా వారే. అయినా మన పల్లెల్లో మగ కూలి, ఆడ కూలి అని రెండు లెక్కలున్నాయి. ఆడ కూలే తక్కువ.

'మగవాళ్లు మందు కొడతారు, బస్తాలు మోస్తారు, అది బరువు పని' అంటాం. బస్తా బరువే. కానీ రోజంతా వంగి కోయడం తేలిక పని అని తేల్చిందెవరు? ముందు పనిని ఆడ, మగ అని విడదీశాం. ఆపైన ఆడవారి పనికి విలువ తగ్గించాం.

సమాన పనికి సమాన వేతనం ఉండాలని మన రాజ్యాంగం 39వ అధికరణంలో చెప్పింది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్త్రీ పురుషులకు ఒకే రేటు కట్టింది. చెరువు పూడిక తీసేచోట సాధ్యమైనది చేలో ఎందుకు కాదు?

లేవీయకాండము 27వ అధ్యాయంలో పురుషునికి యాభై తులాలు, స్త్రీకి ముప్పై తులాలు అని ఉంది కదా అని కొందరు అడగవచ్చు. అది మొక్కుబడి చెల్లింపుకు కట్టిన వెల, చేలో చేసిన పనికి కూలి కాదు. కూలి సంగతి వచ్చినచోట పొద్దు గుంకకముందే ఇచ్చేయాలని దేవుడు ఆజ్ఞాపించాడు (ద్వితీ. 24:15). స్త్రీకి తగ్గించి ఇమ్మని ఎక్కడా చెప్పలేదు. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలబడి తమ వంతు అడిగితే, వారు అడిగింది న్యాయమేనన్నాడు (సంఖ్యా. 27:7). హక్కు అడిగిన స్త్రీని గయ్యాళి అనే మనం ఈ మాట మరచిపోకూడదు.

ధర పడిపోతే రైతూ చితికిపోతాడు. 2025లో మిర్చి రైతు కష్టం కళ్లారా చూశాం. అయితే ఆ నష్టంలో మొదటి కోత ఆమె కూలికే పడాలా?

మనిషిని పుట్టుకతో కొలిచే లోకాన్ని ప్రశ్నించిన గుర్రం జాషువా 1895లో పుట్టింది ఈ వినుకొండలోనే. ఆడపుట్టుక పుట్టినందుకు కూలి తగ్గించడమూ అలాంటి కొలతే.

కోత పండుగనాడు ప్రథమఫలాలు మందిరానికి తెస్తాం. ఆ కానుకలో మనం మిగుల్చుకున్న ఆమె కూలి కూడా ఉందేమో చూసుకుందాం. బిగబట్టిన కూలి మొర దేవుని చెవిన పడుతుందని యాకోబు హెచ్చరించాడు (5:4). ప్రభువు బల్ల దగ్గర ఆమె మన పక్కనే నిలబడుతుంది. అక్కడ ఆమెకు రొట్టె చిన్న ముక్కగా విరవం. చేలోనూ అలాగే చేద్దాం. ఈ కోతలకు ముందే సంఘంలో పొలమున్న విశ్వాసులం కూర్చుని ఒకే కూలి కడదాం. మన ఆరాధన నిజమైనదని ఊరు నమ్మేది అప్పుడే.