వేడెక్కి పలికే గొంతులు

మీట తిప్పగానే పలకడం వాల్వు రేడియోకు చేతకాదు. ముందుగా డయలు వెనుక దీపం వెలుగుతుంది. పెట్టె లోపలి గాజుబుడ్లలో ఎర్రని కాంతి పొడచూపుతుంది. కొన్ని క్షణాలు గడచిన పిమ్మట ఎక్కడో దూరాననుండి నడచి వచ్చినట్లు ఒక గొంతు సన్నగా మొదలై క్రమంగా నిండుతుంది. ఈ నిరీక్షణ ఒక లోపమని తలచి లోకం ముందుకు సాగిపోయింది. ఆ నిరీక్షణలోనే సుఖమున్నదని నమ్మేవారు మాత్రం నేటికీ ఉన్నారు. అటకమీది పాత పెట్టెను దించి, దుమ్ము దులిపి, మళ్లీ పలికించుకొని, సాటి అభిమానులతో కూర్చుండి వినడం వారికొక వేడుక. తిరుపతి, చిత్తూరు సీమలలో ఈ వేడుకకు వెనుక ఒక చరిత్ర ఉన్నది.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించేవరకు మద్రాసు పాలనలోనే ఉండినది. ఈ సీమవారికి చదువు, వ్యాపారం, వైద్యం మద్రాసుతో ముడివడినట్లే రేడియో కూడా ముడివడినది. మద్రాసులో 1924లో రేడియో క్లబ్బువారు ప్రసారాలు ఆరంభించినారు. ఆర్థికభారం వల్ల ఆ క్లబ్బు మూతపడగా, 1930లో నగర కార్పొరేషను ఆ పనికి పూనుకొన్నది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమయినది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గాని వెలయలేదు. అంతవరకు ఈ సీమకు తెలుగు పలుకు గాలిలో తేలివచ్చినది ప్రధానంగా మద్రాసునుండియే.

విజయవాడ కేంద్రం వెలసిన తరువాత కూడా పగలు మద్రాసుదే పైచేయి. మీడియం వేవు తరంగం పగటిపూట నేలను అంటుకొని కొంతదూరమే పోగలదు. ఆకాశంవైపు సాగిన భాగాన్ని ఐనో ఆవరణంలోని కింది పొర పీల్చివేస్తుంది. పొద్దు గూకిన తరువాత ఆ పొర క్షీణిస్తుంది. అప్పుడు తరంగం పై పొరను తాకి వెనుదిరిగి, దూరదేశాలలో దిగుతుంది. అందుచేతనే సుమారు 150 కిలోమీటర్లలోని మద్రాసు పట్టపగలు వినిపించగా, అంతకు రెండింతలకు మించిన దూరాన ఉన్న విజయవాడకోసం చీకటి పడేదాకా వేచి ఉండవలసి వచ్చేది. సింహళం నుండి వచ్చే పాటలు లఘుతరంగాలమీద అలవలె లేచి పడుతూ వినిపించేవి. భౌతికశాస్త్ర పాఠం ఒకటి ప్రతి ఇంటి చావడిలోనూ రాత్రింబగళ్లు నడుస్తూ ఉండేదన్నమాట.

ఆ పెట్టెలలో పలికిన గొంతులు సామాన్యమైనవి కావు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి బాలాంత్రపు రజనీకాంతరావు రచించిన స్వాతంత్ర్య గీతాన్ని టంగుటూరి సూర్యకుమారి మద్రాసు కేంద్రంనుండి ఆలపించినారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలను పేరుపేరున పలకరించినారు. ఊరి పేరునే ఇంటిపేరు చేసుకొన్న చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లె, చిత్తూరు నాగయ్యల గానం రేడియో పక్కన గ్రామఫోను పెట్టెలోనూ మ్రోగినది. 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం రికార్డుగా వెలువడినది. కొండ దిగువ తిరుపతిలోనే కాదు, కొండను ఎన్నడూ చూడని ఊళ్లలో సయితం తెల్లవారుజామున కొండ మేలుకొన్నది.

ఇంతటి నాదాన్ని మోసిన గాజుబుడ్డి నిర్మాణం విద్యార్థులు సులభంగా గ్రహింపదగినదే. 1904లో ఫ్లెమింగు అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండు ధ్రువాల వాల్వును కనుగొన్నాడు. 1906లో అమెరికావాడైన లీ డి ఫారెస్టు వాటి నడుమ ఒక తీగె జాలిని చేర్చినాడు. వేడెక్కిన కాథోడునుండి ఎలక్ట్రానులు వెలువడి శూన్యంగుండా ప్లేటువైపు పరుగెత్తుతవి. నడుమనున్న జాలి చెరువు తూమువంటిది. తూము బిరడాను కదిపేది బెత్తెడే అయినా కాలువలో పారే నీరు ఎంతో మారుతుంది కదా! అట్లే జాలిపై బలహీనమైన సంకేతం పడితే ప్లేటువద్ద బలమైన ప్రవాహంగా రూపొందుతుంది. ఐదు వాల్వుల సెట్టులో ఈ పని పంచుకొనబడుతుంది. ఒకటి తరంగాన్ని మార్చును, ఒకటి పెంచును, ఒకటి నాదాన్ని వేరుచేయును, ఒకటి స్పీకరును పలికించును, చివరిది ఇంటి కరెంటును ఏకముఖ ప్రవాహంగా చేసి తక్కిన నాలుగింటినీ పోషించును.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత ఈ గాజుబుడ్లకు కాలం చెల్లడం మొదలయినది. అయినా మన దేశంలో వాటి కథ అప్పుడే ముగియలేదు. 1954లో బెంగుళూరులో నెలకొన్న భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీని ఆరంభించినది. ఈ విధంగా చిత్తూరు సీమ రెండు నగరాల నడుమ నిలిచినది: తూర్పున గొంతునిచ్చిన మద్రాసు, పడమట గొంతుకు ప్రాణమిచ్చే వాల్వులను చేసిన బెంగుళూరు.

నేటి అభిమానులు పాత సెట్టును సంపాదించిన వెంటనే మీట తిప్పరు. దశాబ్దాలు నిద్రించిన పెట్టెకు హఠాత్తుగా కరెంటు ఇస్తే ట్రాన్సుఫార్మరే కాలిపోవచ్చును. తరచుగా చెడిపోయేది వాల్వు కాదు. మైనపు కాగితపు కండెన్సర్లు ఊటపడతవి, విద్యుద్రసపు కండెన్సర్లు ఎండిపోతవి. వాటిని మార్చి, తీగెల తొడుగులు సరిచూచి, అటుపిమ్మట కొద్దికొద్దిగా కరెంటును ఎక్కించడం వారి పద్ధతి. లోపల 200 వోల్టులకు మించిన పీడనం ఉండును. మెయిన్సు ట్రాన్సుఫార్మరు లేని ఏసీ డీసీ సెట్లలో లోహపు చట్రమే కరెంటును మోయవచ్చును. తెలిసినవారు పక్కన లేనిదే విద్యార్థులు ఆ పెట్టెను విప్పరాదు.

సెట్టు పలికిన రోజున అభిమానులు ఒకచోట చేరుతారు. అప్పుడు మాటలు సర్క్యూటునుండి సంసారానికి మళ్లుతవి. చావడికి అడ్డంగా కట్టిన రాగి అల్లిక ఏరియల్ ఒకరికి జ్ఞాపకం వస్తుంది. పోస్టాఫీసులో ఏటేటా కట్టిన లైసెన్సు మరొకరికి తలపునకు వస్తుంది. స్టేషను సరిగ్గా కుదిరినప్పుడు దగ్గరకు చేరే ఆకుపచ్చని కన్నును పిల్లలందరూ రెప్పవేయక చూచిన సంగతి ఇంకొకరు చెబుతారు. ద్రౌపదమ్మ గుడివద్ద భారతం జరిగిన దినాలలో, పగలు హరికథకూ రాత్రి వీధినాటకానికీ మైకుసెట్టు వాల్వులు వేడెక్కేదాకా ఊరంతా కాచుకొన్న ముచ్చట వస్తుంది. రేడియో ఉన్నది ఒక ఇంట, విన్నది వీధి వారందరూ.

వాల్వు నాదమే శ్రేష్ఠమని కొందరు వాదిస్తారు. కొలతలలో నేటి యంత్రాలే మెరుగు. పాత సెట్టులో వినవచ్చే మెత్తదనానికి పెద్ద స్పీకరు, కొయ్యపెట్టె, వాల్వు తన పరిమితిని దాటేటప్పుడు కూడా నాదాన్ని పదునుగా కోయక వంచే స్వభావం కారణాలు. దానికి జ్ఞాపకం కూడా తోడవుతుంది. అందులో తప్పేమీ లేదు. కాని ఆ రెంటినీ వేరుచేసి తెలుసుకొనడం విద్యార్థికి అవసరం.

ఇప్పుడు ఈ వేడుకకు రెండు దిక్కుల ముప్పు పొంచి ఉన్నది. దేశంలో అనేక మీడియం వేవు ప్రసారిణులు మూతపడినవి. క్రొత్త డిజిటల్ ప్రసారాన్ని పాత సెట్టు అర్థం చేసుకొనలేదు. దానికి అది హోరు మాత్రమే. ఎంత చక్కగా బాగుచేసినా వినదగిన స్టేషను లేని సెట్టు బొమ్మలకొలువులోని బొమ్మ అవుతుంది. అంతకంటె పెద్ద ముప్పు రెండవది. ఆ సెట్లను చెవితో పరీక్షించి జబ్బు చెప్పగల మెకానిక్కులు, ఆ సెట్ల ముందు కూర్చుండి విన్న శ్రోతలు నేడు వృద్ధులు. వాల్వు పోతే రిచీ వీధిలో వెదకి మరొకటి తేవచ్చును. ఒక పెద్దమనిషి చెవిలోని స్మృతికి బదులు ఏ అంగడిలోనూ దొరకదు.

కనుక ఉపాధ్యాయులు ఈ పనిని పాఠశాలలోనికి తేవచ్చును. ప్రతి విద్యార్థీ తన ఇంటి పెద్దలను అడిగి, వారి సెట్టు ఏది, ఎక్కడనుండి వచ్చినది, ఎవరెవరు చేరి వినేవారు, ఏ గొంతును ఎక్కువగా ఇష్టపడేవారు అన్న సంగతులను వారి మాటలలోనే వ్రాసి తేవలెను. మెకానిక్కును తరగతికి పిలిచి, విప్పిన సెట్టు ముందు పిల్లలను కూర్చుండబెట్టవలెను. సైన్సు మాస్టరుకూ తెలుగు మాస్టరుకూ అది ఉమ్మడి పాఠం. యంత్రం తెలిసినవారు, విన్నవారు ఒకే గదిలో కూర్చునే అవకాశం ఇంకా మిగిలి ఉన్నది. అది ఎంతోకాలం ఉండబోదు.