అక్షరకూర్పునందు పునరుక్తిలేని సంఖ్యావ్యత్యయము

జతపరచు ప్రశ్నలో ఎడమవైపున పది కావ్యములును, కుడివైపున పదిమంది కవులును ఉందురు. కవుల వరుసను తారుమారు చేయుటయనగా 1 మొదలు 10 వరకు గల సంఖ్యలను, ఒక్కటియు విడువక, ఒక్కటియు రెండుమారులు రానీయక, పేకముక్కలవలె కలుపుటయే. మనుష్యుడు తన చేతితో కలిపినచో ఏ కవిని తన కావ్యమునకు ఎదురుగా పడనీయడు. చురుకైన విద్యార్థి ఈ జంకును కనిపెట్టగలడు. కావున ఆ పనిని అక్షరకూర్పు చేయు గణనయంత్రమునకే అప్పగించుట మేలని మా అభిప్రాయము.

యాదృచ్ఛికముగా ఒక సంఖ్యను తీసి, అది మున్ను వచ్చినదైనచో త్రోసివేసి మరల తీయుట మొదట తోచు మార్గము. ఇందు దోషము లేదు గాని శ్రమ దండుగ. చివరి స్థానము నిండుటకే సగటున 10 మారులు, మొత్తముమీద 29 మారులకు పైగా తీయవలసివచ్చును.

ఫిషర్, యేట్స్ అను గణాంకశాస్త్రజ్ఞులు 1938లో కాగితముపై సంఖ్యలను కొట్టివేయుచు చేయదగిన మార్గమును చూపిరి. దానిని 1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ గణనయంత్రమునకు అనువుగా దిద్దెను. పదవ స్థానమందలి సంఖ్యను 1–10 స్థానములలో యాదృచ్ఛికముగా దొరకినదానితో మార్చవలెను. పిమ్మట తొమ్మిదవదానిని 1–9లోని దానితో. ఇట్లు రెండవ స్థానము వరకు. తొమ్మిది పర్యాయములతో పని ముగియును. ప్రతిమారును పదింటిలో దేనితోనైనను మార్చినచో ఇంకను బాగుగా కలియునని కొందరు తలతురు. అది పొరపాటు. మూడు సంఖ్యలతోనే చూతము: అట్లు మార్చుటకు దారులు 27, ఏర్పడదగిన వరుసలు 6. 27ను ఆరింటికి సమముగా పంచరాదు. మూడు వరుసలకు ఐదేసి, మూడింటికి నాలుగేసి దారులు దక్కును.

డోనాల్డ్ కనూత్ నిర్మించిన మూల టెక్‌లో యాదృచ్ఛిక సంఖ్యనిచ్చు ఆదేశము లేదు. పై పద్ధతిని 1969లో తన గ్రంథమున వివరించినవాడును ఆయనయే యగుట వింత! పీడీఎఫ్‌టెక్, లువాటెక్‌లలో ఆ లోటు తీరినది.

అసలు చిక్కు బీజసంఖ్యయందున్నది. మనము చెప్పనిచో పీడీఎఫ్‌టెక్ దానిని గడియారమునుండి గ్రహించును; కూర్చిన ప్రతిసారియు వరుస మారును. ఒకమారు మేము ప్రశ్నపత్రమును కూర్చి, మరునాడు అక్షరదోషమొకటి దిద్ది మరల కూర్చితిమి. అచ్చైనది రెండవ కూర్పు; సమాధానపట్టిక మొదటిది. సరిగా వ్రాసినవారికి సున్నలు పడెను. ఉత్తరపత్రములన్నియు మరల దిద్దవలసివచ్చెను. నాటినుండి బీజసంఖ్యను మేమే నిర్ణయించి మూలప్రతిలో వ్రాయుచున్నాము. అదియు ప్రతి ప్రశ్నకు వేరువేరుగా. ఏలయన ఒకే బీజమున్నచో నడుమ క్రొత్త ప్రశ్న చేర్చినంతనే తరువాతి వరుసలన్నియు మారిపోవును. పరీక్షతేదీని మాత్రము బీజముగా నుంచము. అది విద్యార్థులెల్లరకు తెలిసినదే. సమాధానపట్టికయు ఇప్పుడు ఆ మూలప్రతినుండియే, ఆ కూర్పులోనే వెలువడుచున్నది.