పంచాయతీ వస్తువుల పట్టీని పరులకు అప్పగింపవచ్చునా?

గ్రామ పంచాయతీ పనులు పెరిగినకొలది దాని చేతిలోని వస్తువులును పెరుగుచున్నవి. ఒకప్పుడు పంచాయతీ సొత్తు అనగా నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక ఇనుప బీరువా. నేడు వీధిదీపములు, నీటి మోటార్లు, స్టార్టర్లు, గొట్టములు, బ్లీచింగు పొడి బస్తాలు, నర్సరీ మొక్కలు చేరినవి. తెలంగాణలో ట్రాక్టరు, దాని ట్రాలీ, ట్యాంకరు కూడ చేరినవి. వీటినన్నిటిని పట్టీలో ఎక్కించి, వచ్చినది, పోయినది ఎప్పటికప్పుడు వ్రాయుట తనవల్ల కాదని కార్యదర్శి చెప్పుచుండును. అట్టి సమయమున ఏదో యొక సంస్థవారు వచ్చి, “మీ పట్టీ యంతయు మేము కంప్యూటరులో ఉంచెదము, నెలకు ఇంత ఇండు” అని అడిగినచో సభ్యులకు ఆశ కలుగుట సహజము. ఆ పని ఇయ్యవచ్చునా, ఇచ్చినచో ఎంతవరకు ఇయ్యవచ్చును అనునది సభ్యులు తీర్మానించుటకు ముందు ఆలోచింపదగిన విషయము.

ఇందుకు మాకు తోచిన ఉదాహరణ మరియొక పంచాయతీ కాదు, జంతు ప్రదర్శనశాల. చదువరులు నవ్వుకొనవచ్చును. కాని లెక్క వ్రాయుట అన్నిటికంటె కష్టమైన సరకు ప్రాణమున్న సరకే గదా!

హైదరాబాదు పాత నగరమున, బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువును ఆనుకొని సుమారు 380 ఎకరములలో నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉన్నది. ఇది 1959 అక్టోబరు 26న స్థాపింపబడి, 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరువబడినది. సెలవు దినములలో పల్లెలనుండి బండ్లు కట్టుకొని, నేడు బస్సులెక్కి, పిల్లలతో దీనిని చూడవచ్చు కుటుంబములు లెక్కకు మిక్కిలి. చూడవచ్చినవారికి పులి కనబడును, ఏనుగు కనబడును. ఆ పులికొక సంఖ్య, ఒక పుట, తలిదండ్రుల వివరము ఆఫీసులో ఉన్నవని ఎందరికో తెలియదు.

1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీ నియమముల ప్రకారము ప్రతి జంతు ప్రదర్శనశాలయు తనవద్ద పుట్టినవి, బయటినుండి వచ్చినవి, బయటికి పోయినవి, చనిపోయినవి వేర్వేరుగా వ్రాసి, ఆర్థిక సంవత్సరమునకు ఒకమారు జాబితాను పంపవలెను. మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, ఆడో మగో తేలనివి ఎన్ని అని మూడు గడులుండును. లెక్క పద్ధతి మన ఇంటి ధాన్యపు గాదె లెక్కవంటిదే. ఏప్రిలు 1న ఒక ఆవరణలో 40 చుక్కల జింకలున్నవనుకొందము. ఏడాదిలో 9 పిల్లలు పుట్టినవి, వేరొకచోటినుండి 2 వచ్చినవి, 5 ఇతర ప్రదర్శనశాలలకు పోయినవి, 4 చనిపోయినవి. మార్చి 31న 42 ఉండవలెను. లెక్కించినప్పుడు 41 మాత్రమే ఉన్నచో ఒక జింక పోయినది, లేదా ఒక వ్రాత తప్పినది. రెంటిలో ఏది జరిగినదో కాగితము చెప్పజాలదు. ప్రతి ఉదయము మేత వేసి ఆ మందను చూచు కాపరి యొక్కడే చెప్పగలడు.

ఇక్కడనే మన ప్రశ్నకు సగము సమాధానమున్నది. జంతు ప్రదర్శనశాలలు తమ పని యంతయు తామే చేసికొనుట లేదు. 2021లో కరోనా వ్యాపించినప్పుడు బహదూర్‌పురాలోని ఎనిమిది ఆసియా సింహములకు ఆ వ్యాధి సోకినట్లు మే నెలలో ప్రకటింపబడినది. నమూనాలను పరీక్షించినది ప్రదర్శనశాల కాదు, హైదరాబాదులోనే ఉన్న సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల. అంతరించుచున్న మూషిక జింకను పెంచు కార్యక్రమమును 2010లో చేపట్టినప్పుడును ఆ శాస్త్రజ్ఞుల తోడ్పాటునే పొందిరి. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాదు అడవిలో విడిచిరి. జాతుల వంశావళి పుస్తకములను కూర్చు పనిని సెంట్రల్ జూ అథారిటీ డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థకు అప్పగించెను. దేశదేశముల జంతువుల లెక్కలను ఒకే కంప్యూటరు వ్యవస్థలో ఉంచుటకు స్పీషీస్ 360 అను సంస్థ కూడ ఉన్నది. కాబట్టి పట్టీపనిని బయటివారికి ఇచ్చుట తప్పని ఎవరును అనలేరు.

అయితే ఏమి ఇచ్చినారు? పరీక్షించుట, కూర్చుట, సరిపోల్చుట, భద్రపరచుట. ఏ నమూనా ఏ సింహమునుండి తీసినదో ప్రయోగశాలకు ఎట్లు తెలియును? చెప్పవలసినది బోనువద్ద ఉన్నవాడే. మొదటి వ్రాతను వస్తువు దగ్గర ఉన్నవాడే వ్రాయవలెను.

మొదటి వ్రాత తప్పినచో ఏమగునో అమెరికాలో జరిగిన ఒక సంగతివలన తెలియును. గుజరాతులోని గిర్ అడవిలో మాత్రమే మిగిలిన ఆసియా సింహమును స్వచ్ఛమైన జాతిగా కాపాడవలెనని అక్కడి జంతు ప్రదర్శనశాలలు కలిసి ఒక పథకము నడిపినవి. వంశావళి శ్రద్ధగా వ్రాసిరి. ఏ పిల్ల ఏ తల్లిదో తప్పక చెప్పగలిగిరి. 1987లో ప్రచురింపబడిన జన్యు పరిశోధనలో, ఆ వంశమునకు మూలమైన అయిదు సింహములలో రెండు ఆఫ్రికావని తేలినది. అంతటితో ఆ పథకమే చెడినది. పుస్తకము పొందికగా ఉన్నది. మొదటి పుటలో “ఆసియా” అని వ్రాసిన మాటను మాత్రము వచ్చిన దినముననే ఎవరును సరిచూడలేదు. తరువాత ఎంత చక్కని దస్తూరితో వ్రాసినను ఆ లోపము తీరునది కాదు.

మన గ్రామములలో పోవునది సింహపు వంశము కాదు, త్రాగునీరు. మేమెరిగిన ఒక గ్రామములో ఎండలు ముదిరిన సమయమున బోరు మోటారు స్టార్టరు కాలిపోయినది. బయటి మనిషి కంప్యూటరులో వ్రాసిన పట్టీలో “స్టార్టరు, అదనము, ఒకటి” అని యున్నది. ఆ ధైర్యముతో కొత్తది తెప్పింపలేదు. గది తెరచి చూడగా అట్టపెట్టె ఉన్నది, అందులో స్టార్టరు లేదు. దానిని అంతకుముందే వేరొక బోరుకు బిగించిరి. బిగించిన పనివాడు ఎవరికో నోటిమాటగా చెప్పెను. పట్టీ వ్రాయు మనిషి పట్టణములో ఉండెను. రెండు దినములు ఆడవారు పొలముల బావులకు బిందెలతో నడచిరి. ఆ పట్టీకి పంచాయతీ నెలనెలా డబ్బు చెల్లించుచుండెను!

కాబట్టి తీర్మానమునకు ముందు సభ్యులు ఒక చిన్న లెక్క వేసికొనవలెను. పంచాయతీలో 150 రకముల వస్తువులున్నవనుకొందము. వాటిలో నెలకు 20 మార్పులు జరుగుచున్నచో, ఒక్కొక్కదానికి 5 నిమిషముల చొప్పున 100 నిమిషములు, అనగా నెలకు రెండు గంటలు కూడ కాదు. ఈ పనికి నెలనెలా డబ్బిచ్చి బయటివారిని పెట్టుట అనవసరమని మా అభిప్రాయము. కార్యదర్శికి నిజముగా మోయరానిది మొదటి పట్టీ. ఏళ్లతరబడి వ్రాయని వస్తువులను వెదకి, లెక్కించి, అంకె వేసి, పుస్తకమునకు ఎక్కించు పని అది. ఆ పనిని ఒకేసారి, ఇంత మొత్తమునకు, ఇన్ని దినములలో అని బయటివారికి ఇచ్చుటలో తప్పు లేదు. వారు లెక్కించునప్పుడు ఆయా వార్డు సభ్యుడు వెంట ఉండవలెను. ఏ స్తంభమునకు ఏ దీపమున్నదో అతనికి తెలిసినట్లు వారికి తెలియదు.

పెద్ద పంచాయతీలలో మార్పులు ఎక్కువగా ఉండి, నెలవారీ పనిని కూడ ఇయ్యవలసి వచ్చినచో ఒప్పందములో కొన్ని మాటలు తప్పక ఉండవలెను. నెలాఖరున అచ్చువేసిన ప్రతి పంచాయతీ కార్యాలయమునకు చేరవలెను. ఒప్పందము ముగిసినప్పుడు పట్టీ యంతయు, వేరొకరు తెరచి చదువుకొనగల రూపములో, అదనపు రుసుము లేకుండ తిరిగి ఇయ్యవలెను. ఈ షరతును వ్రాయకపోయినచో మన పట్టీకే మనము మరల వెల కట్టవలసి వచ్చును. దీపములు, గొట్టములు అమ్ము వర్తకునికి గాని అతని బంధువులకు గాని ఆ పట్టీ ఇయ్యరాదు. సరకు అయిపోయినదని చెప్పువాడును, మరల సరకు అమ్మువాడును ఒకడే యైనచో ఖర్చునకు అంతుండదు.

మరియొక సంగతి కలదు. 2020 ఏప్రిలులో ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ లో పంచాయతీ పనుల వివరములు, చెల్లింపులు నమోదగుచున్నవి. వివరములను టైపు చేయు కుర్రవానికి పని ఇయ్యవచ్చును. చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు కీని మాత్రము, “ఎందుకైనను నీవద్దనే ఉంచుము” అని అతని చేతిలో పెట్టరాదు. సంతకము చేసి తేదీ వేయని చెక్కుల పుస్తకమును ఇచ్చుటకు, దీనికి భేదము లేదు. ఈ అలవాటు కొన్నిచోట్ల కలదని విని వ్రాయుచున్నాము.

పట్టీ ఎవరు వ్రాసినను ఏడాదికి ఒకమారు వస్తువులను కంటితో చూచి లెక్కింపవలెను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి విధించినదియు ఇదియే. మన పంచాయతీలకు మార్చి 31 అనుకూలమైన దినము. వేసవి ముదురుటకు ముందే ఏది ఉన్నదో ఏది లేదో తెలియును. ఆనాడు గది తలుపు తీయునప్పుడు పట్టీని వ్రాసిన మనిషికి ఇయ్యక, ఒక సభ్యుడు చేతబట్టి చదువవలెను. వేరొకరు ప్రతి పెట్టెను తెరచి చూడవలెను.