కొత్త ముఖాన్ని నమ్మాలా వద్దా... మెదడు ఎలా తేలుస్తుంది?

బస్టాండులో కొత్త మనిషి ఎదురుపడతాడు. అతను నోరు విప్పకముందే మన మెదడు ముఖం చూసి ఒక అంచనాకు వచ్చేస్తుంది: దగ్గరికి వెళ్లొచ్చా, జాగ్రత్తపడాలా? ఇందులో అమిగ్డలాది పెద్ద పాత్ర. బాదంగింజంత ఉండే ఈ భాగం మెదడు లోతుల్లో రెండు పక్కలా ఉంటుంది.

అది దెబ్బతింటే?

1998లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు, రెండు అమిగ్డలాలూ దెబ్బతిన్న ముగ్గురికి అపరిచితుల ఫొటోలు చూపించారు. మిగతావారు ‘నమ్మలేం’ అన్న ముఖాలను కూడా ఆ ముగ్గురూ నమ్మదగినవే అనుకున్నారు. చిత్రమేమిటంటే, మనుషుల గురించి మాటల్లో వర్ణించి చెబితే వాళ్ల అంచనా అందరిలాగే ఉంది! కాబట్టి వీళ్లను లోకజ్ఞానం లేనివాళ్లని తీసిపారేయడం అన్యాయం. ముఖం ఇచ్చే హెచ్చరికే వాళ్లకు అందడం లేదు.

పరిశోధన పత్రాల్లో ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతో కనిపించే మహిళదీ ఇదే స్థితి. అరుదైన జన్యువ్యాధి ఆమె అమిగ్డలాలను దెబ్బతీసింది. కొత్తవారికి ఎంత దగ్గరగా నిలబడితే ఇబ్బంది ఉండదో కొలిచినప్పుడు, ఇతరులు సగటున 76 సెంటీమీటర్ల దూరంలో ఆగారు. ఆమె 34 సెంటీమీటర్ల దాకా వెళ్లింది.

ఎదుటివారి ముఖంలో భయాన్నీ ఆమె పోల్చుకోలేదు. ఎందుకో 2005లో తేలింది: ఆమె చూపు వాళ్ల కళ్ల మీదికి వెళ్లదు. ‘కళ్లు చూడండి’ అని చెప్పినప్పుడు భయాన్ని ఇట్టే పట్టేసింది. చెప్పడం ఆపితే మళ్లీ మొదటికే.