బడిపిల్లలు - కంఠసర్పి

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు ప్రాంతము పసుపు పంటకు పేరెన్నిక గన్నది. సంక్రాంతి నాళ్లు వచ్చినది మొదలు పసుపు త్రవ్వుట, ఉడుకబెట్టుట, ఎండబెట్టుట మున్నగు పనులతో ఇంటిల్లిపాదికిని తీరిక యుండదు. అట్టి దినములలో బిడ్డ గొంతు నొప్పి యన్నచో వేడిపాలలో పసుపు కలిపి త్రాగించి బడికి పంపివేయుదుము. జలుబైనచో నష్టము లేదు. కంఠసర్పి యైనచో ఆ బిడ్డకేకాక తోడి పిల్లలకును ప్రాణాపాయము.

కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, సూక్ష్మజీవి వలన గలుగు రోగము. రోగి దగ్గినను తుమ్మినను వెడలు తుంపరల వలన నిది యొకరినుండి యొకరికి సోకును. సోకిన 2 మొదలు 5 దినములలో స్వల్పజ్వరము, గొంతునొప్పి కలుగును. పిమ్మట గొంతులో బూడిదవన్నె పొర యేర్పడి ఊపిరి కడ్డుపడును. ఆ క్రిమి విడుచు విషము గుండెను, నరములను చెఱచును. ఆ విషమును పసుపు విఱువజాలదు. దానికి సీరము కలదు. ఈ సీరపు చికిత్సను గూర్చి చేసిన కృషికే బేరింగు పండితునకు 1901లో నోబెలు బహుమాన మిచ్చిరి. కాని విషము గుండెను పట్టిన పిమ్మట సీరము వలన ఫలము స్వల్పము. గావున పొర కనబడినతోడనే వైద్యుని కడకు పోవలెను.

రాకుండ చేయుటకు టీకాయే సాధనము. మనదేశమున 1985లో ఆరంభమైన సార్వత్రిక టీకా కార్యక్రమము ననుసరించి దీని నుచితముగా వేయుదురు. 6, 10, 14 వారములకును, 16-24 నెలలకును, పిదప 5-6 ఏండ్లకును, 10, 16 ఏండ్లకును వేయింపవలెను. చంటితనపు టీకాలను తల్లులు మఱువరు. బడియీడున వేయింపవలసినవే మఱపునబడును. టీకా బలము ఏండ్లు గడచినకొలది తగ్గును గదా! హైదరాబాదు నల్లకుంట జ్వరముల ఆసుపత్రికి ఈ శతాబ్దమున సైతము కంఠసర్పి పిల్లలు వచ్చిరి.

దీనితోపాటు, బడిలో భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుట, ఎవరి గ్లాసుతో వారే నీరు త్రాగుట, దగ్గునపుడు నోటి కడ్డుగా గుడ్డ నుంచుకొనుట పిల్లలకు నేర్పవలెను. వైద్యుడు మందును ఎన్ని దినములకు వ్రాసిన నన్ని దినములును వాడవలెను. బడికి పోవచ్చునని యాతడు చెప్పువఱకు బిడ్డ నింటనే యుంచవలెను.

సోదరీమణులారా! ఇంట నుంచుట మనకు సులభము; మన చేలలో పసుపు త్రవ్వు కూలితల్లికి సులభము కాదు. ఆమె బిడ్డయు మన బిడ్డయు కూర్చుండునది యొకే బల్లమీద. బిడ్డకు జ్వరము వచ్చినదని యామె చెప్పిననాడు కూలి కోయక సెలవిచ్చి పంపుడు. అది దయ మాత్రమే కాదు. మన బిడ్డకును రక్షయే.