తిరిగివచ్చిన ఈ-మెయిల్‌ను పారేయకండి
కారణం అందులోనే ఉంటుంది... చిరునామాల జాబితాను ప్రక్షాళన చేయకపోతే చేరవలసినవీ చేరవు

తపాలా ఉత్తరం అందవలసిన వారికి అందకపోతే పోస్ట్‌మ్యాన్ కవరుపై కారణం రాసి వెనక్కి పంపుతారు. ఇల్లు మారారనో, చిరునామా సరిగా లేదనో, తీసుకోవడానికి నిరాకరించారనో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. ఈ-మెయిల్‌లోనూ ఇదే మర్యాద ఉంది. పంపిన లేఖ చేరకపోతే 'మెయిలర్ డీమన్' వంటి పేరుతో ఒక సందేశం తిరిగివస్తుంది. ఆంగ్లంలో అంకెలతో, గజిబిజిగా కనిపించే ఆ సందేశాన్ని చాలామంది చదవకుండానే తొలగిస్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకు, ఒక కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం రజతోత్సవ ఆహ్వానాన్ని 600 మందికి ఈ-మెయిల్‌లో పంపిందనుకుందాం. సభ్యుల్లో కొందరు హైదరాబాద్, బెంగళూరుల్లో, మరికొందరు అమెరికాలో ఉన్నారు. చిరునామాలు ఎప్పుడో రిజిస్టరులో రాసుకున్నవి. 90 లేఖలు వెనక్కి వచ్చాయి. కార్యదర్శి వాటిని తొలగించి, తరువాతి నెల మళ్లీ అదే జాబితాకు మరో లేఖ పంపారు. మూడోసారికి సరైన చిరునామాలున్న వారి లేఖలు కూడా స్పామ్ పెట్టెలో పడసాగాయి. నష్టం 90 మందితో ఆగలేదు.

అంకెల్లోనే సమాధానం

ఈ-మెయిల్ రవాణాకు ఆధారమైన ఎస్ఎంటీపీ నిబంధనలు 1982లో వెలువడ్డాయి. పంపేవారి సర్వర్ చిరునామాలో @ గుర్తు తరువాతి భాగాన్ని చూసి, ఆ పేరుతో లేఖలు స్వీకరించే సర్వర్ ఎక్కడుందో తెలుసుకుంటుంది. అక్కడికి వెళ్లి తలుపు తడితే అవతలి సర్వర్ మూడంకెల సంఖ్యతో బదులిస్తుంది. అది 2తో మొదలైతే స్వీకరించినట్లు. 4తో మొదలైతే ఇబ్బంది తాత్కాలికం. 5తో మొదలైతే శాశ్వత తిరస్కరణ.

421 అంటే ఆ సర్వర్ ప్రస్తుతానికి సేవ అందించలేకపోతోందని అర్థం. ఇటువంటప్పుడు మనం చేయవలసింది ఏమీ లేదు. పంపిన సర్వర్ తనంతట తానే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజుల వరకు ప్రయత్నం మానరాదని నిబంధనలు సూచిస్తున్నాయి. 550 పక్కన 5.1.1 అని ఉంటే ఆ పేరుతో మెయిల్ పెట్టె లేదన్నమాట. 5.2.2 అంటే పెట్టె నిండిపోయింది. 5.7.1 అంటే విధానపరమైన కారణంతో లేఖను నిరాకరించారు. ఈ చివరి సందర్భంలో చాలావరకు లోపం పంపేవారి వైపే ఉంటుంది. చిరునామా మంచిదే కావచ్చు. తొందరపడి ఆ సభ్యుని పేరు కొట్టివేయరాదు.

చిరునామాకూ ఆయుష్షు ఉంది

ఉద్యోగం మారితే సంస్థ ఇచ్చిన చిరునామా మూతపడుతుంది. చదువు పూర్తయితే విశ్వవిద్యాలయం ఇచ్చినదీ మూతపడవచ్చు. సేవలే ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇండియాటైమ్స్ తన ఈ-మెయిల్ సేవను 2013లో నిలిపివేసింది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. జీమెయిల్‌లో ఉచితంగా లభించే 15 జీబీ స్థలాన్ని ఫొటోలు, డ్రైవ్ ఫైళ్లు కూడా పంచుకుంటాయి. అవి నిండితే లేఖలు రావడం ఆగిపోతుంది.

మూతపడిన పాత చిరునామాలను కొన్ని సంస్థలు స్పామ్ పంపేవారిని పట్టుకునే వలలుగా వాడుతుంటాయి. వాటికి లేఖ వెళితే, పంపినవారు ఏళ్ల తరబడి జాబితాను సరిచూసుకోలేదని తేలిపోతుంది. లేని చిరునామాలకు పదే పదే పంపేవారిపైనా ఇదే అనుమానం కలుగుతుంది. అలా పేరు చెడితే ఆ డొమైన్ నుంచి వచ్చే ప్రతి లేఖనూ అవతలి సర్వర్ శంకిస్తుంది.

సంతకం, ముద్ర తప్పనిసరి

పంపేది ఎవరో రుజువు చేసుకోవడం ఇప్పుడు మరింత ముఖ్యమైంది. ఇందుకు మూడు ఏర్పాట్లున్నాయి. మన డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు లేఖలు పంపవచ్చో ప్రకటించేది ఎస్‌పీఎఫ్. లేఖ మధ్యలో మారలేదని తెలిపే డిజిటల్ ముద్ర డీకిమ్. ఈ పరీక్షల్లో నెగ్గని లేఖను ఏం చేయాలో అవతలివారికి చెప్పేది డీమార్క్. రోజుకు 5 వేలకు పైగా లేఖలు పంపేవారికి ఈ మూడూ ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి షరతు విధించింది. యాహూ కూడా అప్పుడే భారీగా లేఖలు పంపేవారికి ఇటువంటి షరతులే పెట్టింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి, అంటే వెయ్యికి మూడుకు చేరకుండా చూసుకోవాలన్నది మరో షరతు. మైక్రోసాఫ్ట్ 2025 మేలో ఇదే బాట పట్టింది.

చిన్న సంఘాలకు ఇవి వర్తించవని ఊరుకోరాదు. యాహూ చిరునామాను పంపినవారి పేరుగా పెట్టి వేరే సంస్థ సర్వర్ల ద్వారా పంపే లేఖలను తిరస్కరించాలని యాహూ 2014లోనే ప్రకటించింది. సామూహిక లేఖలకు సొంత డొమైన్ ఉండటమే మేలు.

ఇలా చేయండి

* మెయిల్ పెట్టె లేదని వచ్చిన చిరునామాను అదే రోజు జాబితా నుంచి తీసివేయాలి. ముందుగా అక్షరదోషం ఉందేమో చూడాలి. జీమెయిల్ పేరులో ఒక్క అక్షరం తారుమారైనా లేఖ చేరదు.

* పెట్టె నిండిందని వస్తే కొన్నాళ్లు ఆగి మరోసారి పంపాలి. వరుసగా మూడుసార్లు తిరిగివస్తే పక్కన పెట్టాలి.

* ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపడం కుదరదు. 25 ఎంబీ దాటిన ఫైళ్లను జోడించలేం. ఫొటోల సంచికను జోడించే బదులు లింకు ఇవ్వడం మంచిది.

* ఇకపై లేఖలు వద్దనుకునేవారికి సులువైన మార్గం చూపాలి. లేకుంటే వారు స్పామ్ మీట నొక్కుతారు.

* కొత్త చిరునామా చేర్చినప్పుడు ఒక లేఖ పంపి, జవాబు వచ్చిన తరువాతే నమోదు చేయాలి.

నకిలీలతో జాగ్రత్త

మీరు పంపని లేఖ తిరిగివస్తే మీ పేరును ఎవరో దుర్వినియోగం చేస్తున్నారని గ్రహించాలి. పంపిన లేఖల పెట్టెను పరిశీలించి, అక్కడ అపరిచిత లేఖలుంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. 'మీ లేఖ ఆగిపోయింది, ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి' అని వచ్చే సందేశాలు మోసపూరితం. నిజమైన తిరుగు సందేశం పాస్‌వర్డ్ అడగదు.

చివరగా ఒక మాట. జాబితా నుంచి తొలగించవలసింది చిరునామానే తప్ప మనిషిని కాదు. రజతోత్సవ ఆహ్వానం అందని ఆ 90 మంది పేర్ల ఎదుట ఫోన్ నంబరు ఉంటే ఒకసారి పలకరించాలి, లేకుంటే వారి సహాధ్యాయులను అడగాలి. తిరిగివచ్చిన లేఖను చదివిన కార్యదర్శికి ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. చదవకుండా తొలగించిన వారికి, సభలో ఖాళీ కుర్చీలు చూసేదాకా తెలియదు.